కేకు మీద ఎవరి పేరు

2006 జనవరి 6, శుక్రవారం

కొత్త సంవత్సరం మొదటి ప్రార్థన కూడిక. నర్సుల హాస్టల్లో, రత్నం అక్క గదిలోనే. మంచం గోడకి జరిపినా చోటు చాల్లేదు, ఇద్దరు బాత్రూమ్ గడప మీద కూర్చున్నారు.

అక్క ఏటా చేసేదే. పాలపొడి డబ్బాలో చీట్లు, ఒక్కో చీటీలో బైబిల్లోని తొలి సంఘంలో ఒక శిష్యుడి పేరో, శిష్యురాలి పేరో. ఎవరికి ఎవరొస్తే వాళ్ళ గురించి ఈ ఏడాదిలో ఒక శుక్రవారం చెప్పాలి. పోయినేడు నాకు పేతురు. అక్క గడియారం చూపించేదాకా ఆపలేదు ఆ రోజు.

ఈసారి విప్పితే — బర్సబ్బా.

గదంతా నవ్వు. "మన సువార్తక్కకి తగినోడే దొరికాడు" అంది నన్ను చూసి వెనకనించి ఎవరో. నిజమే, ఒకే ఒక్క వచనంలో వచ్చి పోతాడాయన. ఊపిరి తీసుకునేలోపు అయిపోతాడు. చూద్దాం. బండలోంచి నీళ్ళు తీయించిన దేవుడు ఒక్క వచనంలోంచి అరగంట తీయించలేడా.

జ్యోతికి దొర్కా వచ్చింది. విధవరాళ్ళకి బట్టలు కుట్టిన ఆవిడ. ఈ పిల్లా అంతేగా, నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళ వార్డులో డ్యూటీ చేసి, గదికొచ్చి వాళ్ళకే టోపీలు అల్లుతూ కూర్చుంటుంది.

ఈ వారం పుట్టినరోజు కూడా జ్యోతిదే. పోయిన ఆగస్టులోనూ జ్యోతిదే. హాస్టల్ వార్డెన్ ఉమ్ సాలిహ్ పైకొచ్చి తలుపు కొట్టేసరికి అందరూ గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకున్నారు. నేను లేచి తలుపు తీసి, నవ్వి, కేకు ముక్క చేతిలో పెట్టాను. "మబ్రూక్" అని శుభాకాంక్షలు చెప్పి, తినేసి వెళ్ళిపోయింది. కేకు ఉంటే పుట్టినరోజు. కేకు లేకపోతే ఇంతమంది ఆడవాళ్ళు తలల మీద చెంగులేసుకుని ఒక గదిలో ఎందుకు కూర్చున్నారో చెప్పాలి. ఈ అరబ్బు దేశంలో మన ప్రార్థనలు నిషేధం. చెప్పామా, అందరి పాస్‌పోర్టుల మీదా ఎగ్జిట్ ముద్రే, ఇంటికే.

అందుకే ప్రతి వారం కేకు. తెప్పించేదాన్ని నేనే, పేరు ఎంచేదాన్ని నేనే, తలుపు దగ్గర నిలబడేదాన్నీ నేనే.

జనవరి 8

చదివాను. మళ్ళీ చదివాను.

ప్రభువుని పట్టించిన యూదా పోయాక పన్నెండో శిష్యుడి స్థానం ఖాళీ. ఆ స్థానానికి ఇద్దరిని నిలబెట్టారు, బర్సబ్బాని, మత్తీయని. అందరూ దాక్కున్న మేడగదిలో ప్రార్థన చేసి చీట్లు వేశారు. చీటీ మత్తీయకి వచ్చింది. అంతే, బర్సబ్బా కథ సమాప్తం.

మొదటినుంచీ ప్రభువు వెంట తిరిగిన మనిషి. ఆయనకి మూడు పేర్లు — యోసేపు, బర్సబ్బా, యూస్తు. మత్తీయకి ఒక్కటే. ఇద్దరిలో ముందు రాసింది కూడా ఈయన పేరే. అంటే ఆ మేడగదిలో అందరూ ఈయనకే వస్తుందనుకుని ఉంటారు. ఈయన కూడా అనుకునే ఉంటాడు.

ఆ పూట ఇంటికెళ్ళి ఏం చేశాడో మరి. అన్నం తిన్నాడా? ఎవరూ రాయలేదు.

జనవరి 11

నిన్న బక్రీదు. ఉమ్ సాలిహ్ మా అంతస్తుకి మాంసం పంపింది, పళ్ళెం నిండా. వంటింటి కిటికీ తెరిచిపెట్టారెవరో, గోడమీది కొండముచ్చులు అరటిపళ్ళు మాత్రం ఎత్తుకుపోయాయి. మాంసం జోలికి రాలేదు, దేవుడి దయ.

రేపల్లెకి ఫోన్ చేశా. బాబాయి ముప్ఫై ఏళ్ళుగా ప్రసంగాలు చెప్తున్నాడు కదా, బర్సబ్బా మీద ఏమైనా దొరుకుద్దేమోనని.

"ఆయన మీద నేనెప్పుడూ చెప్పలేదమ్మాయ్. ఎవరైనా చెప్పగా వినను కూడా లేదు."

"ఒక్క ముక్క కూడా లేదా బాబాయ్?"

"పాతకాలం వాళ్ళు ఒకమాట అంటారే. ఆయన విషం తాగినా ఏమీ కాలేదంట."

బాగుంది. గెలిచినాయనకి పీట, ఓడినాయనకి విషం. కార్డులో నిమిషాలు అయిపోయి లైను తెగింది.

జనవరి 20, శుక్రవారం

కూడిక అయ్యాక అక్క చెప్పేసింది. ఫైనల్ ఎగ్జిట్‌కి, అంటే ఉద్యోగం వదిలి ఇంటికెళ్ళిపోడానికి, పెట్టేశానంది. మార్చిలో ప్రయాణం.

"మోకాళ్ళు ఇంక ఈ కొండ చలికి ఆగట్లేదే."

మా వార్డు లీల ఏడుపు మొదలుపెట్టింది. నేను ఈ కొండ ఊరు అభాకి వచ్చిన కొత్తలో, పొగమంచు చూసి ఏడుస్తుంటే ఈ గదికి లాక్కొచ్చి చారు పోసింది అక్కే. ఈ కూడిక మొదలుపెట్టింది, ఇన్నేళ్ళు ఎవరి కంటా పడకుండా నడిపింది అక్కే.

"మరి నీ తర్వాత?" అంది లీల ముక్కు చీదుకుంటూ.

అందరూ నావైపు చూశారు. నేను తల దించుకోలేదు. దించుకుంటే అబద్ధం అయ్యేది.

జనవరి 27

తన తర్వాత ఎవరో అక్క ఇంకా చెప్పలేదు. చెప్పడానికేముంది?

ఫిబ్రవరి 5

నేను నడిపితే ఏం చేస్తానో ఆలోచిస్తున్నాను. మొదట, ఆలస్యంగా వచ్చేవాళ్ళకి వెనకే చోటు. రెండు, సాక్ష్యం చెప్పేవాళ్ళు పుట్టినప్పటినుంచీ మొదలెట్టకూడదు. మూడు, పాటలు. అక్క ఇరవై ఏళ్ళ కిందటి పాటలే పాడిస్తోంది. కొత్తవి కావాలి. గొంతు విప్పి కాదు, సణుగుతూనే, అయినా కొత్తవి.

వార్డులో బీపీలు చూస్తూ ఇవన్నీ అనుకుంటున్నా. ఒక ముసలావిడకి రెండుసార్లు పట్టీ చుట్టాను.

ఫిబ్రవరి 17, శుక్రవారం

"రెండు పేర్లు పెడదాం" అంది అక్క. "సువార్త, జ్యోతి. మార్చి మొదటి శుక్రవారం ప్రార్థన చేసి చీటీ తీద్దాం."

జ్యోతా?

జ్యోతి కూడా నాలాగే ఉలిక్కిపడింది. "నేనెందుకక్కా, సువార్తక్క ఉండగా" అంది. ఆ మాట కూడా పక్కన కూర్చున్న నాకే వినపడింది, ఇంకెవరికీ వినపడలేదు. అదీ ఆ పిల్ల గొంతు. పసివాళ్ళు లేస్తారని భయపడి భయపడి జీవితాంతం గుసగుసలే. ఈమె వాక్యం చెప్తే వెనక కూర్చున్నవాళ్ళు ఉత్తరం రాసి అడగాలి.

చీట్లు అనగానే గది అంతా కిసుక్కున నవ్వింది. నా బర్సబ్బా గుర్తొచ్చి. నేనూ నవ్వాను. భయమేముంది? ప్రభువుకి అరబిక్ వచ్చినవాళ్ళు ఎవరో తెలియదా?

మార్చి 1

రెహానా వార్డు కౌంటర్ దగ్గర పట్టుకుంది. కర్నూలు పిల్ల, వార్డు క్లర్కు. వాళ్ళాయన మస్తాన్ ట్యాక్సీ నడుపుతాడు, మా కేకులన్నీ అతనే మోసుకొస్తాడు. ఇన్నాళ్ళలో ఈ కేకులు ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు ఆ దంపతులు.

"ఏమక్కా, ఈ వారం ఎవురు పుడతాండారు?"

"నేనే" అన్నాను.

"నువ్వు ఇంతవరకూ ఒక్కసారి గూడా పుట్టల్యా కదక్కా?"

"అందుకే. పెద్దది చెప్పు. చాక్లెట్‌ది. పేరు పెద్ద అక్షరాల్లో."

మార్చి 3, శుక్రవారం

రాయాలి. రాస్తే గానీ పోదు.

ప్రార్థన అయింది. అక్క రెండు చీట్లు అందరికీ చూపించి, మడిచి, పాలడబ్బాలో వేసి ఊపింది. కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. విప్పింది. చదవడానికి ఒక్క క్షణం పట్టింది అక్కకి. ఆ క్షణంలోనే తెలిసిపోయింది నాకు.

"జ్యోతి."

నేను నవ్వాను. బాగానే నవ్వాననుకుంటా. లేచి వెళ్ళి ఆ పిల్లని కావలించుకున్నాను.

సరిగ్గా అప్పుడు తలుపు. ఉమ్ సాలిహ్. అలవాటు కొద్దీ నేనే వెళ్ళి తీశాను. అలవాటు కొద్దీ ఎవరో కేకు డబ్బా మూత ఎత్తారు. చాక్లెట్ కేకు, గది మధ్యలో, దాని మీద ఇంతింత అక్షరాల్లో నా పేరు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. గదిలో ఒక్కరికి కూడా అర్థంకాకుండా పోలేదు. ఈ రోజుకని, ఈ పేరుతో, ఇంత పెద్దది ఎందుకు చెప్పానో. ఎవరైనా ఒక మాట అంటే బాగుండేది.

"నీదా ఈరోజు?" అని ఉమ్ సాలిహ్ నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. ఇంక పాడక తప్పుతుందా. అందరూ చప్పట్లు కొట్టి హ్యాపీ బర్త్‌డే పాడారు, నాకు, మూడుసార్లు. అందరికంటే గట్టిగా పాడింది నేనే. కొవ్వొత్తులు ఊదాను. మొదటి ముక్క కోసి జ్యోతి నోట్లో పెట్టాను. రెండో ముక్క అక్క నా నోట్లో పెట్టింది. మింగలేను, కక్కలేను.

విషం తాగినా ఏమీ కాలేదంట. అవును బర్సబ్బా, నాకూ ఏమీ కాలేదు. చాక్లెట్ రుచే ఉంది.

మార్చి 4

అవమానంగా ఉంది. రాయడానికి సిగ్గేముంది, నేను తప్ప ఈ పుస్తకం చదివేవాళ్ళెవరు?

మార్చి 8

అక్క వెళ్ళిపోయింది. మస్తాన్ బండిలో ఎయిర్‌పోర్టుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్కే రమ్మంది. దారంతా మంచు, లైట్లు వేసుకుని నడిపాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాను.

"రెండు పేర్లు ఎందుకక్కా?"

"ఒక్క పేరైతే చీటీ ఎందుకే?"

"నిజం చెప్పు."

అక్క సంచి జిప్పు లాగింది. "నీకు కోపం వచ్చుద్ది."

"ఇప్పుడు లేదనుకుంటున్నావా?"

"నీ గొంతు కిందంతస్తు దాకా పోయిద్దే. వాక్యం చెప్పేటప్పుడు ఒళ్ళు మర్చిపోతావు. పేతురు గురించి చెప్పిన రోజు నాకు చెమటలు పట్టాయి." లోపలికెళ్తూ వెనక్కి తిరిగింది. "ఇంకోటి. నువ్వు మధ్యలో కూర్చుంటే తలుపు దగ్గరెవరే?"

"అంటే నేను కాపలా మనిషినా?"

ఏదో అంది. మైకులో విమానం పేరు చెప్తున్నారు, అక్క పెదాలు కదలడమే చూశాను. తర్వాత అద్దం అవతల చెయ్యి ఊపింది. ఆ చేతిని చూసి ఏడుపొచ్చింది. కోపం అలాగే ఉంది, ఏడుపూ వచ్చింది.

మార్చి 9

రెహానా ఫోన్. "కేకు చెప్పల్యాక్కా ఈ వారం?"

"జ్యోతిని అడుగు. ఇంక తనే."

"జ్యోతికి నా నంబరే తెలీదు కదక్కా."

చూస్తానన్నాను. చూడలేదు. రేపు లీలతో డ్యూటీ మార్చుకున్నాను. ఎవరితోనూ పోట్లాట లేదు, డ్యూటీ ఉంది, అంతే.

మార్చి 10, శుక్రవారం

డ్యూటీ. కూడిక టైములో ఇంజెక్షన్ ట్రే సర్దాను. రెండుసార్లు.

మార్చి 11

ఉమ్ సాలిహ్ బీపీ చూపించుకోడానికి వార్డుకొచ్చింది. వారం వారం వస్తుంది, నేనే చూడాలి, ఇంకెవరు చూసినా ఆ అంకెలు నమ్మదు.

చెయ్యి చాపుతూ అంది, "నిన్న టీకి పైకెళ్ళాను. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదే."

"మరి అందరూ తలల మీద ముసుగులు, కళ్ళ నీళ్ళు, కేకు లేదు. ఆ చిన్నమ్మాయి నన్ను చూసి గోడలా తెల్లబోయింది."

నా చేతిలో గాలిబుడ్డి ఆగిపోయింది. "రత్నం వెళ్ళిపోయింది కదా, బెంగ" అన్నాను.

"బెంగ" అంది. పట్టీ వైపు చూస్తోంది, నా మొహం వైపు కాదు. "బెంగకైనా కేకు ఉండాలి, బిడ్డా. రేపు నా బదులు ఇంకొకరు పైకొస్తే?"

బీపీ ఎంతో చెప్పాను. మందు మర్చిపోవద్దన్నాను. మామూలుగానే వెళ్ళింది.

ఆమెకి తెలుసు. ఎప్పటినుంచి తెలుసో. ఇన్ని పుట్టినరోజులూ తెలిసే తిన్నదా?

మార్చి 12

నా పంతానికి అందరి ఉద్యోగాలూ పోయేవి. ఎవరి ఇంట్లో ఎవరి చదువు ఆగేదో, ఎవరి మందులు ఆగేవో. కేకు చెప్పనిది నేను.

జ్యోతి గదికి వెళ్ళాను. టోపీ అల్లుతోంది, పసుపు రంగు ఉన్నితో.

"ఆవిడ తలుపు తీసేసరికి నాకు ఒక్క అరబిక్ ముక్క గుర్తు రాలేదక్కా. నాకొచ్చింది ఒక్కటే, తల్లులకి చెప్పేది. అదే చెప్పేశా."

"ఏంటి?"

"బేబీ బాగున్నాడు, పాలు తాగాడు అని."

ఒక్కసారి ఊహించుకున్నాను. గది నిండా ముసుగులు వేసుకుని ఏడుస్తున్న ఆడవాళ్ళు, గుమ్మంలో ఉమ్ సాలిహ్, ఈ పిల్ల నిలబడి బేబీ బాగున్నాడు పాలు తాగాడు అని ఒప్పజెప్తోంది. నవ్వు ఆగలేదు. జ్యోతికీ ఆగలేదు, దిండులో మొహం పెట్టుకుని నవ్వింది. తర్వాత అదే దిండులో ఏడ్చింది. వీపు నిమిరాను.

క్షమించమని అడగలేదు. రెహానా నంబరు రాసిచ్చాను. మళ్ళీ ఆ కాగితం వెనక్కి తీసేసుకున్నాను. "వద్దులే, కేకు నేనే చెప్తా."

మార్చి 17, శుక్రవారం

కేకు వచ్చింది. వెనిల్లా. పుట్టినరోజు లీలది.

నేను తలుపుకి బయటే నిలబడ్డాను, చేతిలో టీ ఫ్లాస్కు. లోపల జ్యోతి నడిపిస్తోంది. చెవి తలుపుకి ఆనించి విన్నాను. ఏమీ వినపడలేదు. పాట లేదు, ప్రార్థన లేదు, గదిలో ఒక్క మనిషైనా ఉన్నట్టు లేదు. తలుపు తీసి చూస్తే అందరూ పాడుతున్నారు. ఆ పిల్ల గొంతుకి ఆనుకుని అందరి గొంతులూ కిందికి దిగాయి. లీల కళ్ళు మూసుకుంది. నేను పేతురు గురించి చెప్పిన రోజు లీల నిద్రపోయింది, అది వేరే సంగతి.

అక్కకి తెలుసన్నమాట. ఒప్పుకోబుద్ధి కాలేదు, అయినా రాస్తున్నాను.

ఉమ్ సాలిహ్ వచ్చింది. కేకు ముక్క అందుకుని, "రెండు వారాలకోసారైనా పండ్ల కేకు తెప్పించు, ఈ క్రీము నాకు పడదు" అంది. తప్పకుండా అన్నాను.

మార్చి 30

రేపు నా వంతు. బర్సబ్బా.

ఇవాళ మళ్ళీ చదివాను, ఈసారి చివరి దాకా. ఇన్నాళ్ళూ ఆయన గురించి ఇంకో మాట దొరుకుతుందేమోనని వెతికానే గానీ గెలిచినాయన గురించి చూడనే లేదు. చూశాను. మత్తీయ గురించి కూడా మరొక్క మాట లేదు. చీటీ వచ్చింది, పదకొండుమందితో లెక్కలో చేరాడు, అంతే, ఆయనా మాయం.

ఇద్దరూ మాయం. గెలిచినాయన, ఓడినాయన, ఇద్దరూ ఆ మేడగదిలోనే కూర్చుండిపోయారు. ఇది నాకు ఎందుకో చాలా సంతోషమనిపించింది. మత్తీయ మీద ఇన్నాళ్ళూ లేనిపోని కోపం పెట్టుకున్నాను పాపం.

మార్చి 31, శుక్రవారం

చెప్పాను. తలుపుకి వీపానించి నిలబడి. ఎలా చెప్పాను? బాగా చెప్పాను. నేను బాగానే చెప్తాను, అందులో దాపరికమేముంది.

మధ్యలో గొంతు లేచింది. జ్యోతి కూర్చున్నచోటునుంచే అరచెయ్యి మెల్లగా కిందికి దించింది, పసివాళ్ళని జోకొట్టినట్టు. గొంతు దానంతటదే దిగింది. నా గొంతు ఎవరి మాటా వినగా నేను చూడలేదు.

చివర్లో అన్నాను, "ఆ మేడగదిలో అంతమంది దాక్కుని ప్రార్థన చేస్తుంటే ఎవరో ఒకరు రొట్టె తెచ్చి ఉంటారు. ఎవరో ఒకరు మెట్ల మీద నిలబడి, వచ్చేవాళ్ళకి నవ్వుతూ ఏదో ఒకటి చెప్పి పంపి ఉంటారు. అది బర్సబ్బా."

"అదెక్కడుందక్కా?" అంది లీల.

"ఎక్కడా లేదు. నాకు తెలుసు."

ఈ వారం పండ్ల కేకు.

ఏప్రిల్ 7

వాన. వడగళ్ళు. హాస్టల్ ముందు నేలంతా తెల్లగా. జ్యోతి కూడికలో సరిగా లేదు, రెండుసార్లు మాట తడబడింది. అడిగితే నిద్ర చాల్లేదంది.

ఏప్రిల్ 11

అందుకా.

జ్యోతి గదికొచ్చింది, చేతిలో అల్లికలేమీ లేకుండా. అప్పుడే అనుకున్నాను ఏదో ఉందని.

"నా వల్ల కాదక్కా."

"ఏంటి కానిది? బాగా నడిపిస్తున్నావు."

"ఎవరన్నా తలుపు కొడితే గుండె ఆగిపోతంది. నువ్వు బయట ఉన్నావని తెలిసినా. ఇంక నువ్వే తీసుకో."

"చీటీ నీకొచ్చింది."

"చీటీకేం తెలుసక్కా." తల దించుకుంది. "అందరి ముందూ చెప్పలేను. చెప్తే ఏడ్చేస్తా. ఈ శుక్రవారం కేకు మీద నీ పేరు రాయించు. చూస్తే అందరికీ అర్థమైద్ది. నేను వెనక కూర్చుంటా."

నా పేరు. కేకు మీద. మళ్ళీ.

రేపు చెప్తానన్నాను.

ఏప్రిల్ 12

కావాలి. ఇంకా కావాలి. ఎవరిని మోసం చేయను ఇక్కడ? జ్యోతి ఆ మాట అనగానే కొత్త పాటలు, వెనక వరస, అన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నాయి లోపల. ఇప్పుడు గొంతు దించడం కూడా వచ్చు నాకు. ఒక్క అరచెయ్యి చాలు. కానీ ఆ అరచెయ్యి జ్యోతిది, జ్యోతి వెనక కూర్చుంటుందట.

నేను మధ్యలో కూర్చుంటే తలుపు దగ్గర ఎవరు? లీలా? లీల ఉమ్ సాలిహ్‌ని చూస్తేనే దాక్కుంటుంది. బేబీ బాగున్నాడు, పాలు తాగాడు — ఎన్ని శుక్రవారాలు గడుస్తాయి దాంతో?

కాదంటే ఆ పిల్ల వారం వారం ఇలాగే వణకాలి. దాని భయం పోగొట్టడం నా చేతిలో ఉందో లేదో కూడా తెలియదు. అరబిక్ నేర్పిస్తే? రోజుకి రెండు ముక్కలు. పసివాళ్ళ గురించి కాకుండా.

మత్తీయ ఒకరోజు బర్సబ్బా దగ్గరికొచ్చి, నా వల్ల కాదన్నా, నువ్వు తీసుకో అని ఉంటే? ఆయనేమన్నాడు? అదే రాయాల్సింది. అది ఒక్కటి రాసి ఉంటే చాలు నాకు.

జ్యోతికి ఇవాళ చెప్పాల్సింది, చెప్పలేదు. కారిడార్‌లో ఎదురైతే రేపన్నాను. పారిపోయినట్టే.

ఏప్రిల్ 13

రేపు గుడ్ ఫ్రైడే. అందరం ఉపవాసం. ప్రభువు సిలువ మీద ఉన్న రోజున మధ్యాహ్నం దాకా పుట్టినరోజు కేకుని ఎదురుగా పెట్టుకుని ఆకలితో చూస్తూ కూర్చోవాలి. బాబాయికి చెప్తే ఏడుస్తాడో నవ్వుతాడో.

పొద్దున్న వార్డు బయట జ్యోతి. చూసింది, అంతే. కళ్ళ కింద నలుపు. ఉమ్ సాలిహ్ బీపీకి వచ్చి పక్కన నిలబడితే జ్యోతి వెళ్ళిపోబోయింది, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "చెప్పు" అన్నాను. జ్యోతి అరబిక్‌లో అంది, "కూర్చోండి. టీ తాగుతారా?" నిన్న ఇది రాశాక, రాత్రి గదికెళ్ళి, కేకు మాట ఎత్తకుండా నేను నేర్పిన రెండు ముక్కలు. ఉమ్ సాలిహ్ నా వైపు చూసి, ఆ పిల్ల వైపు చూసి, "తాగుతాను" అంది. జ్యోతి పరిగెత్తుకెళ్ళి తెచ్చింది. సగం టీ సాసర్లో ఒలికింది, కానీ తెచ్చింది.

మధ్యాహ్నం రెహానా ఫోన్. బేకరీ నుంచి, మస్తాన్ పక్కనే ఉన్నాడు.

"పండ్ల కేకు తీసుకున్న్యామక్కా. పేరు ఎవురిది రాయమంటావు? బేకరీ కేరళాయన క్రీము కోను పట్టుకోని నిలబడుకోనుండాడు."

"ఒక్క ఐదు నిమిషాలు."

"ఇంతకు ముందు పేరు నోట్లోనే పెట్టుకోనుంటావు కదక్కా నువ్వు. ఏమైంది?"

"ఏం కాలేదు. మళ్ళీ చెయ్యి."

రాస్తూ కూర్చున్నా. నాకు నడపడం వచ్చు. తలుపు కాయడమూ వచ్చు. ఇది గొప్పకి రాయడం లేదు, రెండూ వచ్చు కాబట్టే ఈ తంటా. ఏదో ఒకటే వచ్చి ఉంటే ఈపాటికి కేకు మీద క్రీము ఆరిపోయేది.

బర్సబ్బా అని రాయిస్తే? ఉమ్ సాలిహ్ ఎవరని అడుగుతుంది. స్నేహితుడంటాను.

వద్దు. ఆటలొద్దు. రెండు పేర్లలో ఒకటి. నాదైతే నేను మధ్యలో, జ్యోతిదైతే నేను తలుపు దగ్గర.

మోగుతోంది. తీస్తాను. ఏ పేరొస్తుందో రెహానాతో పాటే నేనూ వింటాను.